బొమ్మలు ఎవరికి సార్?

మాది ప్రొద్దుటూరు అంటే చాలు, ఆఫీసులో ఎవరో ఒకరు "ఓహో, బంగారం కొట్లు, దసరా! కడపవాళ్ళా మీరు?" అంటారు. కాదండీ బాబూ. ఆ ప్రొద్దుటూరు వేరు, మా ప్రొద్దుటూరు వేరు. మాది శంకరపల్లి పక్కన, చేవెళ్ళ, మొయినాబాద్‌ల వైపు ఉండే పల్లె. దీనికీ నేను చెప్పబోయే బొమ్మల కథకీ ఏంటి సంబంధం అంటారా? ఒకే పేరుతో రెండు ఊళ్ళున్నట్టే, 'బొమ్మ' అనే ఒక్క మాట కింద మనం రెండు వేర్వేరు వస్తువుల్ని పెట్టేశాం. ఆడుకునే బొమ్మ ఒకటి, చూసుకునే బొమ్మ ఒకటి. గుళ్ళో ఉంటే బొమ్మ, కాగితం మీద గీస్తే బొమ్మ, రేకుతో చేస్తే బొమ్మ, ఆఖరికి శుక్రవారం రిలీజయ్యే సినిమా కూడా బొమ్మే. ఈ గందరగోళం వల్ల మనకి జరిగిన లాభనష్టాలే ఈ సోదంతా.

ఇంజనీరింగ్ అయిపోయి ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది నుంచీ నాకు వింత బొమ్మలు కొనే అలవాటు. వింత అంటే ఖరీదైనవి కాదు. రంగు తప్పినవి, మెడ వంకరగా అతికినవి, ఇప్పుడు పెద్దగా ఎవరూ చేయనివి, పిల్లలు రెండో నిమిషంలో పక్కన పడేసేవి. నొక్కితే టిక్కు టిక్కుమనే రేకు కప్ప, చిన్న దీపం పెడితే నీళ్ళలో టపటపమంటూ తిరిగే రేకు పడవ, నాలుగు అవతారాలే మిగిలిన కొండపల్లి దశావతారాల సెట్టు. ఎక్కడ బొమ్మల స్టాళ్ళు పెడితే అక్కడికి పోతాను. జనవరిలో నాంపల్లి నుమాయిష్, చలికాలం శిల్పారామంలో మేళా, శివరాత్రికి జాతర, వీలైతే 2013లో మన ఊళ్ళో మొదలైన కామిక్ కాన్. అన్నిచోట్లా ఒకటే ప్రశ్న. "పిల్లలెంతమంది సార్?" పెళ్ళే కాలేదంటే అమ్మేవాడు ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, ధర పది రూపాయలు పెంచుతాడు :)

ఇంట్లో మా అమ్మది ఇంకో బాణీ. "పెండ్లి చేస్కోరా అంటే బొమ్మలు కొనుక్కొస్తవేందిరా? ఎవలన్న జూస్తే ఏమనుకుంటరు?"

ఏమనుకుంటారంటే, ఇదేదో అమెరికా జబ్బు అనుకుంటారు. మా టీంలో అయితే దీనికి 'కిడల్ట్' అని పేరు కూడా తెలుసు. పెద్దయినా బొమ్మలు కొనేవాళ్ళని అక్కడి కంపెనీలు అలా పిలుస్తాయట, వాళ్ళ కోసమే సరుకు తయారు చేస్తాయట. నిజమే కావచ్చు. కానీ నా వాదన వేరు. పెద్దవాళ్ళు బొమ్మలు పోగెయ్యడం, వాటిని వరసగా పేర్చి ప్రదర్శన పెట్టడం, ఇరుగుపొరుగుని పిలిచి చూపించడం మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. చేసేది ఆడవాళ్ళు కాబట్టి దాన్నెవరూ 'కలెక్షన్' అనలేదు, అంతే.

బొమ్మల కొలువు సంగతే చూడండి. కోస్తాలో ఎక్కువగా సంక్రాంతికి పెడతారు, రాయలసీమలో, తమిళనాడులో, కర్ణాటకలో దసరాకి. మెట్లు బేసి సంఖ్యలో ఉండాలి. మూడు, అయిదు, ఏడు, తొమ్మిది, ఎవరి ఓపిక వాళ్ళది. పైన దేవుళ్ళు, కిందికి వచ్చేకొద్దీ మనుషులు, పెళ్ళి ఊరేగింపు, కొట్టుతో సహా శెట్టిగారూ వాళ్ళావిడా. అన్నిటికన్నా కింద నేలమీద ఒక ఊరు. ఆవాలో రాగులో చల్లి మొలిపించిన పొలం, అద్దం ముక్కతో చెరువు, చెరువులో ప్లాస్టిక్ బాతు. కొత్తకాలం ఇళ్ళల్లో క్రికెట్ టీం కూడా దిగింది. ఏటా కనీసం ఒక కొత్త బొమ్మ చేర్చాలన్నది ఆనవాయితీ. ఈ ఒక్క రూలుని కొంచెం ఆగి గమనించండి. ఎక్కడో కొండపల్లిలో కూర్చుని చెక్క చెక్కేవాడికి, వేల ఇళ్ళ నుంచి, ఏటా, అడక్కుండానే ఆర్డరు. మనం ఇప్పుడు సబ్‌స్క్రిప్షన్ మోడల్ అని స్లైడ్లు వేసి చెప్పుకునే సంగతి ఇదే.

ఇంకో విషయం. కొలువులో బొమ్మని పిల్లలు ముట్టుకుంటే చెయ్యి మీద ఒక్కటి పడుతుంది. పండగ అవగానే ఒక్కోదాన్నీ పాత చీర ముక్కలో చుట్టి, ట్రంకు పెట్టెలో సర్ది, అటక మీదకి ఎక్కించేస్తారు. ఈబేలో 'పెట్టె తెరవలేదు, గీత పడలేదు' అని రాసి పదింతలకి అమ్ముకునే కలెక్టర్లు ఆ అమ్మమ్మల దగ్గర ట్యూషన్ పెట్టించుకోవాలి.

మా ఇంట్లో కొలువు లేదు. మా వైపు పల్లెల్లో ఆ అలవాటున్న ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అది అందరి పండగా కాదు. ఏ ఇళ్ళల్లో పెట్టేవాళ్ళో, పేరంటానికి ఎవర్ని పిలిచేవాళ్ళో, ఎవర్ని గుమ్మం దాటనిచ్చేవాళ్ళు కాదో చెప్పుకుంటే అదో పెద్ద కథ. మా నానమ్మకి బొమ్మలంటే జాతరే. "మా నాయిన జాతరల లక్కపిడతలు కొనిచ్చిండు బిడ్డా. గా శిన్న కుండల ఇసుక బోసి బువ్వ వండుకుంటుంటిమి" అని ఇప్పటికీ చెప్తుంది. ఆమె బొమ్మ చూసుకునేది కాదు, ఆడుకునేది. ఒక్కటీ మిగల్లేదు. ఆడుకున్న బొమ్మ మిగలదు కదా! చరిత్ర రాయడానికి కూర్చుంటే వచ్చే ఇబ్బందే ఇది. అటక మీద దాచినవాళ్ళ బొమ్మలే ఆధారాలుగా దొరుకుతాయి. ఇసుకలో ఆడి విరగ్గొట్టినవాళ్ళవి నానమ్మల నోట్లోనే ఉంటాయి.

తవ్వకాల్లో అయినా ఇదే తంటా. మా ఊరి నుంచి సంగారెడ్డి మీదుగా పోతే కొండాపూర్ వస్తుంది (మళ్ళీ అదే గొడవ, ఇది మన ఐటీ వాళ్ళ కొండాపూర్ కాదు). 1940ల మొదట్లో గులాం యజ్దానీ ఆధ్వర్యంలో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ అక్కడ తవ్వితే సాతవాహనుల కాలంనాటి ఊరు బయటపడింది. నాణేలతోబాటు మట్టి బొమ్మలూ దొరికాయి. తెల్లటి నున్నటి మట్టిని ముందుకొక అచ్చు, వెనక్కొక అచ్చు వేసి, రెండూ అతికించి, లోపల గుల్లగా చేసినవి. అచ్చు వేసి చేశారంటే ఒకటో రెండో కాదు, చాలా చేసి అమ్మారనే కదా అర్థం! వాటిలో ఏది పూజకి, ఏది పిల్లలకి, ఏది గూట్లో అలంకారానికి అన్నది బొమ్మని చూసి చెప్పలేం. అక్కడి మ్యూజియంలో వాటి ముందు నిలబడితే నాకు కొలువు మెట్లే గుర్తొస్తాయి. శూద్రకుడి మృచ్ఛకటికం పేరే చిన్న మట్టి బండి. పక్కింటి పిల్లాడి బంగారు బండి చూసి, నాకు ఈ మట్టిది వద్దని చారుదత్తుడి కొడుకు ఏడుస్తాడు. వసంతసేన తన నగలు తీసి ఆ బండిలో పోస్తుంది. ఆ నగలే చివరికి చారుదత్తుడి మీద కేసులో సాక్ష్యం అవుతాయి. పిల్లాడి బొమ్మలోకి పెద్దవాళ్ళ సరుకు ఎక్కితే అంతే మరి.

సరే, అసలు ప్రదర్శనల సంగతికి వద్దాం. 1938లో ఉస్మానియా పట్టభద్రులు కొందరు కలిసి పబ్లిక్ గార్డెన్స్‌లో పది రోజుల ప్రదర్శన పెట్టారు. స్టాళ్ళు 50. మూలధనం 2.50 రూపాయలని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ప్రారంభించాడు. దాని పేరు 'నుమాయిష్ మస్నూవాత్-ఎ-ముల్కీ'. ముల్కీ అనగానే మాకు 1969 గుర్తొస్తుంది గానీ, ఇక్కడ అర్థం ఈ గడ్డ మీద తయారైన సరుకులు అని. జాగా చాలక 1946లో నాంపల్లి మైదానానికి మారింది. 1947, 1948 సంవత్సరాల్లో జరగలేదు, హైదరాబాద్‌లో అప్పుడేం జరుగుతోందో వేరే చెప్పక్కర్లేదు. 1949లో గవర్నర్ జనరల్ హోదాలో రాజాజీ వచ్చి తెరిచారు. అప్పటినుంచీ అది అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శన అయింది. జనం నోట్లో మాత్రం నుమాయిషే. 2019 జనవరి 30 రాత్రి మంటలంటుకుని చాలా స్టాళ్ళు బూడిదయ్యాయి. 2021లో కోవిడ్ వల్ల అసలు పెట్టలేదు.

నాకు నుమాయిష్ ఎందుకిష్టమంటే, అక్కడ పేరంటం లేదు. టిక్కెట్టు కొన్న ప్రతివాడూ లోపలికే. కొలువులో ఎవరి బొమ్మలు చూడ్డానికి ఎవరికి అనుమతి అన్న లెక్క ఉండేది, ఇక్కడ అది పోయింది. ఇది చిన్న మార్పు కాదు. కాకపోతే ముల్కీ సరుకుల కోసం పుట్టిన చోట ఇవాళ బొమ్మల స్టాలు వెతుక్కుంటే ఎక్కువగా కనబడేది మిణుకు మిణుకుమనే లైట్ల ప్లాస్టిక్కే. కర్ర బొమ్మలు హస్తకళల వైపు, షాలువాల పక్కన ఉంటాయి. అంటే నుమాయిష్ కూడా తేల్చేసింది: ప్లాస్టిక్‌ది ఆట బొమ్మ, కర్రది షోకేసు బొమ్మ.

రేకు పడవ గురించి ఒక్క పేరా, క్షమించాలి, ఇంజనీరుని కదా. దాని పొట్టలో చిన్న రేకు బాయిలరు, దాన్నుంచి వెనక్కి రెండు గొట్టాలు. గొట్టాల్లో నీళ్ళు నింపి కింద దీపం పెడితే ఆవిరి పుట్టి నీళ్ళని వెనక్కి తోస్తుంది, ఆవిరి చల్లబడగానే మళ్ళీ నీళ్ళు లోపలికొస్తాయి. వెళ్ళిన నీళ్ళే వెనక్కొస్తే పడవ ఉన్నచోటే ఊగాలి కదా? ఊగదు, ముందుకే పోతుంది. ఎందుకంటే బయటికి పోయేటప్పుడు నీళ్ళు ఒకే దిక్కుకి ధారగా పోతాయి, లోపలికొచ్చేటప్పుడు అన్ని వైపుల నుంచీ వస్తాయి. ఇంగ్లాండులో 1891లో థామస్ పియో అనే ఆయన పేటెంటు తీసుకున్న సంగతి ఇది. ఆ పేటెంటు కాలం ఎప్పుడో చెల్లిపోయింది, పడవ మాత్రం మన జాతర్ల దాకా వచ్చింది. నాలుగేళ్ళ ఇంజనీరింగ్‌లో ఫ్లూయిడ్ మెకానిక్స్ నాకు అర్థమైంది అప్పుడు కాదు, బకెట్‌లో దీన్ని వదిలాక.

ఇప్పుడు కొండపల్లి, ఏటికొప్పాక. ఈ రెండింటినీ మనం ఒకే గాటన కట్టి 'ఆంధ్రా కర్ర బొమ్మలు' అనేస్తాం గానీ, నాకు ఇవి రెండు వేరే మతాల్లాంటివి.

కొండపల్లి బొమ్మకి తెల్లపొణికి కర్ర. బెండులా తేలిక. ముందు కర్రలో చెమ్మ పోయేలా సన్నటి సెగ మీద ఆరబెడతారు. చేతులు, కాళ్ళు, తల, కొమ్ములు అన్నీ విడివిడిగా చెక్కి, చింతపిక్కల పొడి, రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో అతుకుతారు. ఆకారంలో లోటుపాట్లు కూడా ఆ మక్కుతోనే సరిచేస్తారు. మీద సుద్ద పూత, దాని మీద రంగు. అంబారీ ఏనుగు, తాడెక్కే గీత కార్మికుడు, ఎడ్ల బండి, తల ఊపే నర్తకి. చేసేవాళ్ళు రాజస్థాన్ నుంచి వలస వచ్చినవాళ్ళమని చెప్పుకునే ఆర్యక్షత్రియులు. అచ్చంగా కొలువు కోసం పుట్టిన బొమ్మ ఇది. అతికించిన చెయ్యి రెండేళ్ళ పిల్లాడి చేతిలో ఎంతసేపుంటుంది చెప్పండి?

ఏటికొప్పాకది పూర్తిగా వేరే దారి. వరాహ నది ఒడ్డున, ఇప్పటి అనకాపల్లి జిల్లాలో ఉన్న ఊరు. కర్ర అంకుడు. మెత్తన, తెలుపు, పీచు కనబడనంత నున్నన. దాన్ని తిరుగుడు మర మీద బిగించి తిప్పుతూ ఉలితో గుండ్రంగా తీస్తారు. తిరుగుతుండగానే రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తే ఒరిపిడి వేడికి లక్క కరిగి కర్రని పట్టేస్తుంది. దానిమీద మొగలి ఆకు ఒత్తితే అద్దంలా మెరుపు. అతుకు తక్కువ, మొన లేదు, మూల లేదు. అంతా గుండ్రమే, ఎందుకంటే మర తిప్పేది గుండ్రంగానే. మా నానమ్మ లక్కపిడతల్ని చేసే విద్య ఇదే. పిల్లల చేతికిచ్చేందుకు ఇంతకన్నా బుద్ధిగా ఆలోచించిన వస్తువు నేను చూడలేదు. 1990ల నుంచి ఇక్కడ సి.వి.రాజు గారు రసాయన రంగులు మాని పసుపు, నీలిమందు, జాఫరా గింజల్లాంటి వాటితో లక్కకి రంగులెక్కించే పద్ధతిని మళ్ళీ నిలబెట్టారు. 2017లో ఈ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2020 ఆగస్టులో ప్రధాని రేడియోలో ఆయన పేరు చెప్పారు. 2023లో పద్మశ్రీ. 2025 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం కూడా ఏటికొప్పాక బొమ్మలదే.

సంతోషమే. కానీ శకటం ఎక్కిన బొమ్మ ఇంటికెళ్ళాక ఎక్కడుంటుంది? టీవీ పక్కన గాజు అరలో.

ఈ మాట అనే హక్కు నాకుందా అంటే, నా గాజు అర చూస్తే మీరు నవ్వుతారు :) అయినా జపాన్ సంగతి చదివినప్పటినుంచి ఇది నన్ను తొలుస్తోంది. అక్కడ ఉత్తరాన తోహొకు ప్రాంతంలో కర్ర గిన్నెలు, పళ్ళేలు తిప్పి చేసేవాళ్ళు, వేడినీటి ఊటలకి స్నానాలకొచ్చే రైతులకి అమ్మడానికి కొకెషి అనే బొమ్మ చేసేవాళ్ళు. చేతుల్లేవు, కాళ్ళు లేవు, గుండ్రటి తల, పొడుగాటి ఒళ్ళు, మీద నాలుగు గీతల రంగు. మన ఏటికొప్పాక మరకి దూరపు చుట్టం. వచ్చినవాళ్ళు ఇంట్లో పిల్లలకి పట్టుకెళ్ళేవాళ్ళు. రేకు బొమ్మలు, సెల్యులాయిడ్ బొమ్మలు రాగానే ఆ పిల్లలు దీన్ని వదిలేశారు. సరిగ్గా అప్పుడు పట్నాల్లో పెద్దవాళ్ళు దీని మీద పడ్డారు. 1928లో సెండాయ్‌కి చెందిన అమాయె తోమియా కొకెషి మీద పుస్తకమే రాశాడు. కలెక్టర్లు ఊరూరా తిరిగి ఏ ఊటది ఏ శైలి, ఏ తాతది ఏ చెయ్యి అని పేర్లు పెట్టారు. ఇప్పుడు నరుకోలో ఏటా కొకెషి పండగ, పోటీ. విద్య బతికింది, చేసేవాడు తన పేరుతో సంతకం పెట్టి అమ్ముకునే స్థాయికి వచ్చాడు. దాంతో ఆడుకునే పిల్లలు మాత్రం తిరిగి రాలేదు.

దీన్ని గెలుపు అనాలా, ఓటమి అనాలా? నేనైతే గెలుపనే అంటాను, కొంచెం నోరు చేదుగా. చెక్కేవాడి ఇంట్లో పొయ్యి వెలగడం ముందు ముఖ్యం. పిల్లలు కొనట్లేదని మర ఆపేస్తే, మళ్ళీ పిల్లలకి కావాలన్న రోజున తిప్పడం వచ్చినవాడు ఎవడుంటాడు? మనం ఎవరూ ముట్టుకోని లెగసీ కోడ్‌ని కూడా ఒకడికి జీతమిచ్చి బతికించుకుంటాం కదా, అలాగన్నమాట. కలెక్టరు చేసేది ఆ మెయింటెనెన్సు పనే. ఢిల్లీలో కార్టూనిస్టు శంకర్ 1965లో తెరిచిన బొమ్మల మ్యూజియం కూడా ఒక పెద్దమనిషి పిచ్చిగానే మొదలైంది. పిల్లల పోటీకి బహుమతిగా హంగరీ రాయబారి ఇచ్చిన ఒక్క బొమ్మ చూసి ఆయన మనసు పారేసుకున్నారు.

వింత బొమ్మల్లో మన దేశానికి ఇంకో గొప్ప ఉంది, చాలామందికి తెలీదు. 1987లో ఎంఆర్‌ఎఫ్, హాస్‌బ్రో కలిసి ఫన్‌స్కూల్ పెట్టాయి. అమెరికాలో వాడేసిన జీ.ఐ.జో అచ్చులు ఇక్కడికొచ్చాయి. ఇక్కడివాళ్ళు వాటికి అక్కడ ఎవరూ ఊహించని రంగులేశారు. లియో కంపెనీ చేసిన హీ-మాన్ బొమ్మలదీ అదే కథ. మా అన్నయ్య తరంవాళ్ళు దూరదర్శన్‌లో చూసి ఏడ్చి కొనిపించుకున్న బొమ్మలు. ఇవాళ అమెరికా కలెక్టర్లు ఆ రంగు తేడాల కోసమే ఇండియా బొమ్మలు వెతుక్కుంటారు. మనం నాసిరకం అనుకున్నది అక్కడ అపురూపం. మా అన్నయ్య వాటిని పటాకులు కట్టి పేల్చేశాడు, వాడి బాల్యం వాడిష్టం.

అటునుంచి ఇటు తెప్పించుకోవడం మాత్రం కష్టమైంది. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020 ఫిబ్రవరిలో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి ఎక్కింది. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. నమోదైన హస్తకళాకారులకీ, భౌగోళిక గుర్తింపున్న బొమ్మలకీ మినహాయింపు ఇచ్చారు. ఇవ్వాల్సిందే, మర ముందు కూర్చున్న మనిషిని ల్యాబు పరీక్షల ఖర్చు పెట్టుకోమంటే దుకాణం మూసేస్తాడు. కానీ దీనికి ఇంకో వైపుంది. ఇవాళ మన వయసు తల్లిదండ్రులు పెట్టె తిప్పి గుర్తు చూసి కొంటున్నారు. గుర్తున్నది ప్లాస్టిక్. గుర్తు లేనిది, పసుపూ నీలిమందూ లక్కతో చేసిన గిలక. ఏది పిల్ల నోట్లో పెట్టుకోవచ్చని వాళ్ళు నమ్ముతారు? మినహాయింపు ఇచ్చి ఊరుకోకుండా, సర్కారే తన ఖర్చుతో ఆ లక్క రంగుల్ని పరీక్ష చేయించి ముద్ర వేయించి ఉంటే ఆటబొమ్మల అరలో వీటికీ చోటుండేది. కొండపల్లి వాటి మీద ఎనామిల్ పూతల సంగతి వేరు, అవి అర మీదే ఉండనివ్వండి.

ఈ మధ్య నేనొక పద్ధతి పెట్టుకున్నా. ఏటికొప్పాక బొమ్మ ఏది కొన్నా రెండు కొంటాను. ఒకటి అర మీదకి, ఒకటి మా పక్కింటి మూడేళ్ళ పిల్లకి. పోయిన నుమాయిష్‌లో కొన్న లక్కపిడతల్లో ఆమె వాటాది తిరగలి పోయింది, కుండ మూత కుక్క ఎత్తుకుపోయింది, మిగిలినవాటిలో రోజూ మట్టి పప్పు ఉడుకుతోంది. నానమ్మ పక్కన కూర్చుని, "గంత నీళ్ళు వొయ్యకు, పల్సగైతది" అని చెప్తోంది.

నుమాయిష్ మామూలుగా జనవరి 1న మొదలై నెలన్నర ఉంటుంది. మామూలు రోజుల్లో సాయంత్రం త్వరగా వెళ్ళండి, శనాదివారాల్లో కాలు పెట్టలేరు. రేకు పడవ కొంటే గొట్టాలు మూసుకుపోయాయేమో ఊది చూసి కొనండి. అన్నట్టు, లియో వాళ్ళ హీ-మాన్ మీ అటక మీద ఇంకా ఉంటే చెప్పండి. అమ్మమని అడగను, ఒకసారి రంగు చూసి వెళ్ళిపోతా.